ఎక్కడికి బయలుదేరారు?

పోలమ్మరేవులో మాటకు కరువొచ్చిందని ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆ సంగతి రాజధానిలో కనిపెట్టారు.

పోలమ్మరేవు సముద్రం ఒడ్డున ఉంది. అక్కడ ఇద్దరు మాట్లాడుకోవాలంటే ముందు అలల హోరును గెలవాలి, తర్వాత గాలిని గెలవాలి, ఆపైన పక్కింటి గొడవను గెలవాలి. అందుకని ఆ ఊరివాళ్ల గొంతులు పుట్టుకతోనే పెద్దవి. చేపల వేలం జరుగుతున్నంతసేపూ రేవులో కాకులు కూడా వాలవు. అలాంటి ఊరు మూగబోయిందని తేల్చాలంటే చాలా చదువు కావాలి. ఆ చదువు డాక్టర్ చిదానందం గారికి ఉంది.

చిదానందం గారు తీర పట్టణ సంభాషణాభివృద్ధి సంస్థకు డైరెక్టరు. ఆయన ప్రభుత్వ ఖర్చుతో మెక్సికో దేశానికి అధ్యయన యాత్ర వెళ్లి, అక్కడొక తీర రాష్ట్రంలో ప్రతి చిన్న ఊరికీ ఇంటర్నెట్‌లో ఒక కబుర్ల గది ఉండటం చూశారు. ఊరి పేరు నొక్కితే గది తెరుచుకుంటుంది. ఆ ఊరివాళ్లు అందులో చేరి ముచ్చట్లాడుకుంటారు. ఎప్పుడో పొద్దుపోని కుర్రకారు పెట్టుకున్న గదులవి. ఇప్పుడు చాలావాటిలోకి ఏడాదికొకరు వచ్చి "ఎవరైనా ఉన్నారా?" అని అడిగి, జవాబు రాక వెళ్లిపోతున్నారు. ఈ వివరం డైరెక్టరు గారి నివేదికలోకి ఎక్కలేదు. అందులోకి ఎక్కిన ముఖ్య వాక్యం ఇది: "సముద్రము అక్కడనూ కలదు, ఇక్కడనూ కలదు. గదులు మాత్రము అక్కడనే కలవు."

ఈ వాక్యం చదివి పైవాళ్లు సిగ్గుపడ్డారు. నెల తిరక్కుండా తీరంలోని ప్రతి పట్టణానికీ ఒక ముచ్చట గది మంజూరైంది. గదిలో ఎన్ని మాటలు పడితే ఊరికి అంత ప్రాణం ఉన్నట్టు లెక్క. ఆ లెక్కకు జీవసూచిక అని పేరు పెట్టారు. సూచిక సున్నా అయితే ఆ పట్టణంలో జీవం లేనట్టు నిర్ధారిస్తారు, గది మూసేస్తారు, గది నిర్వాహకుల ఉద్యోగం తీసేస్తారు.

పోలమ్మరేవు గదికి నిర్వాహకురాలు సూరాడ నూకరత్నం. మున్సిపల్ ఆఫీసులో ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం ఆమెది. మొగుడు ఎర్రన్నకు పడవ ఉంది, అత్త దాలమ్మకు నోరుంది. ఊళ్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి బెస్త ఆడపిల్ల నూకరత్నమేనని దాలమ్మ బస్సెక్కిన ప్రతిసారీ కండక్టరుకు చెప్పేది. అతనికి వద్దన్నా వినిపించేది.

ఒకరోజు కమిషనర్ కూర్మారావు గారు నూకరత్నాన్ని పిలిచి, కుర్చీ చూపించారు. ఆయన కుర్చీ చూపించారంటే ఏదో మూడిందన్నమాటే.

"అమ్మా, గదికి స్థానిక గొంతు కావాలట. తీరం మొత్తం గాలించి నీ గొంతు ఎంపిక చేశారు. రేపు వెళ్లి రికార్డింగ్ ఇచ్చిరా."

సంతోషంగానే వెళ్లింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి "నమస్కారం" చెప్పించారు, "మీ అభిప్రాయం మాకు అమూల్యం" చెప్పించారు. తర్వాత ఓటర్ల జాబితా ముందు పెట్టి, అందరి పేర్లూ గౌరవంగా పలకమన్నారు. సూరాడ ఎర్రన్న దగ్గర ఆమె ఆగిపోయింది. పెళ్లయినప్పటి నుంచి ఆ పేరు ఆమె నోట రాలేదు. పిలవాల్సొస్తే "ఇదిగో" అంటుంది, మరీ దూరంగా ఉంటే "ఇదిగో ఇదిగో" అంటుంది. రికార్డింగ్ కుర్రాడు "ఇదిగో అంటే కంప్యూటర్ ఒప్పుకోదు మేడమ్" అన్నాడు. కళ్లు మూసుకుని, సిగ్గుతో చచ్చిపోతూ "ఎర్రన్న గారూ" అంది.

ఆ సిగ్గు ఆరకముందే చివరి కాగితం ఇచ్చారు. దాని మీద ఒక్క ప్రశ్న ఉంది. "ఎక్కడికి బయలుదేరారు?"

నూకరత్నం కాగితం కింద పెట్టేసి కమిషనర్‌కు ఫోన్ చేసింది.

"సార్, ఈ మాట మనం అడగమండీ."

"మనం అడగం తల్లీ. సంస్థ అడుగుతుంది. మనిషి కదిలినప్పుడే మాట పుడుతుందని డైరెక్టరు గారి సిద్ధాంతం. ఫోను ఇల్లు దాటినా, ఒడ్డు దాటినా గది పలకరిస్తుంది. మనిషి జవాబు చెబుతాడు. అది గదిలో ముచ్చటగా పడుతుంది."

"వేటకెళ్లేవాళ్లని అడిగితే ఎలాగండీ? మా అత్తగారు..."

"నీ కాంట్రాక్టు పొడిగింపు నా బల్ల మీదే ఉందమ్మా" అన్నారు కూర్మారావు గారు ఎంతో ప్రేమగా.

నూకరత్నం ప్రశ్న అడిగేసింది. గొంతు వణికింది. ఆ వణుకే ఎంతో ఆప్యాయంగా ఉందని స్టూడియోలో అందరూ మెచ్చుకున్నారు.

బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదని తెలుగునాట పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. అడిగితే ఆ మనిషి వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరతాడు. మహా అయితే ఒక బస్సు పోతుంది. పోలమ్మరేవులో సంగతి వేరు. అక్కడ వేటకు పోయేవాడిని ఎవరూ పలకరించరు. పెళ్లాం గుమ్మంలో నిలబడుతుంది, మొగుడు "వొస్తాను" అంటాడు, ఆమె తలూపుతుంది. అంతే. వెళ్తానన్న మాట కూడా ఆ ఊళ్లో లేదు. ఒకసారి అడిగితే నీళ్లు తాగి పోవచ్చు. రెండోసారి అడిగారంటే ఆ రోజు సముద్రం వద్దందని అర్థం.

దాలమ్మ కొత్త కోడలిగా ఉన్నప్పుడు, పక్క ఊరినుంచి వచ్చినది కాబట్టి తెలియక, ఒక తెల్లారి మొగుణ్ణి అడిగింది. అతను నవ్వి, నీళ్లు తాగకుండానే వెళ్లిపోయాడు. అప్పటికి ఎర్రన్న కడుపులో ఉన్నాడు. అతను తండ్రిని చూడలేదు.

వేసవి వేట నిషేధం ముగిసింది. మొదటి రోజు పడవలు కదిలే వేళకే గదినీ తెరవాలని సంస్థ ముహూర్తం పెట్టింది. చేపలు గుడ్లు పెట్టుకునే ఆ రెండు నెలలూ పడవలు ఒడ్డునే ఉంటాయి, పొయ్యిలు సగం రోజులు పడుకుంటాయి. అందుకే మళ్లీ వేటకు దిగే మొదటి రోజు ఊరికి పండగ. పడవల ముక్కులకు పసుపు రాశారు. గంగమ్మకు కొబ్బరికాయలు కొట్టారు. ఆడవాళ్లు ఒడ్డున వరసగా నిలబడ్డారు. నూకరత్నం ఎర్రన్నకు సద్దిమూట అందించింది.

"వొస్తాను" అన్నాడు ఎర్రన్న.

ఆమె తలూపింది. పడవ నీళ్లలోకి జారింది. ఒడ్డు దాటగానే ఎర్రన్న రొమ్ము జేబులోంచి నూకరత్నం గొంతు ఆప్యాయంగా వణుకుతూ పలికింది. "నమస్కారం ఎర్రన్న గారూ! ఎక్కడికి బయలుదేరారు?"

ఎర్రన్న చేతిలో తెడ్డు ఆగిపోయింది. పెళ్లాం తన పేరు పెట్టి పిలవడం అతనికి అదే మొదలు. ఆ తర్వాత వచ్చిన మాటకు మొహం పాలిపోయింది. పక్క పడవలోంచి "నమస్కారం కొర్లయ్య గారూ!" అని వినిపించింది. ఆ పక్కదాంట్లోంచి "నమస్కారం దానయ్య గారూ!" అని వినిపించింది. సముద్రం మీద ఎటు చూసినా నూకరత్నమే మొగవాళ్లందర్నీ పేరుపేరునా పలకరిస్తోంది. పడవలన్నీ వెనక్కి తిరిగాయి. అందరూ ఇసుకలో కూర్చున్నారు, నీళ్లు తాగారు, మళ్లీ కదిలారు. మళ్లీ అడిగింది.

ఆ రోజు పడవలు మళ్లీ తాళ్లకు కట్టేశారు.

ఫోను ఇంట్లో పడేసి పోవచ్చు కదా అంటే పోవచ్చు. కానీ సంస్థవాళ్లు అన్నీ ఆలోచించారు. గది తెరిచి ఉన్న ఫోను పడవతో పాటు ఒడ్డు దాటకపోతే ఆ పడవకు మర్నాడు డీజిల్ పోయరు. ఒకటి రెండు పడవలు అలా వెళ్లొచ్చి, డీజిల్ లేక పిల్లల ఆటవస్తువుల్లా ఒడ్డున నిలబడ్డాయి.

దాలమ్మ ఇంటికొచ్చి చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది. కోడలిని తిట్టలేదు. ఆమె తిట్టి ఉంటే నూకరత్నానికి కాస్త ఊపిరి ఆడేది. దాలమ్మ తిట్టడం మానేసిందంటే ఇంట్లో దీపం ఆరినట్టే. ఎర్రన్న మాత్రం "ఏటి సేస్తావులే, ఉజ్జోగం" అన్నాడు. ఆ మాట ఇంకా గట్టిగా గుచ్చుకుంది.

రోజూ ఇదే తంతు. పడవలు కదలడం, నూకరత్నం అడగడం, పడవలు తిరిగి రావడం. పనీపాటా లేక ఒడ్డున కూర్చున్న మొగవాళ్లు ఏం చేస్తారు? గదిలోకి పోయి తిట్టడం మొదలుపెట్టారు. "నీ జిమ్మడిపోను, నీ నోట్లో సముద్రం పోస్తాను" అని ఒకడు. "ఎక్కడికా? నీ పాడె మొయ్యడానికి" అని ఒకడు. ఆడవాళ్లు కూడా దిగారు. మామూలుగా చేపల బేరంలో పట్టే కచ్చ అంతా గదిలో కుమ్మరించారు. సంస్థ కంప్యూటరుకు తిట్టుకూ దీవెనకూ తేడా తెలియదు, అది మాటలు లెక్కపెడుతుంది. పోలమ్మరేవు జీవసూచిక తాటిచెట్టంత పెరిగింది.

"మన ఊరు మాట్లాడుతోందమ్మా!" అన్నారు కూర్మారావు గారు, కళ్లు చెమర్చి. "ఇన్నాళ్లూ ఎంత నోరు నొక్కుకుని బతికారో పాపం!"

"అవి తిట్లు సార్."

"తీవ్ర భావ భాగస్వామ్యం అనాలి. పై నుంచి వచ్చిన ప్రశంసాపత్రంలో అలాగే రాశారు."

చివరికి పడవల పెద్ద కొర్లయ్య నలుగురిని వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. నూకరత్నం గుమ్మం పక్కన నిలబడింది. కొర్లయ్య ఆమె వైపు చూడలేదు. అతనామెకు వరసకు పెదనాన్న.

"బావూ, మేం గది తీసీమని అనటం నేదు. ఉండనీండి, దానికేటి, గాలికి పోయేది. ఆ వొక్క మాట తీసీండి. కావాలంటే 'తిన్నారేటి' అని అడగమనండి. 'ఎన్ని సేపలు పడ్డాయి' అని తిరిగొచ్చినాక అడగమనండి. బాగా సెప్తాం."

కూర్మారావు గారు డైరెక్టరు ఆఫీసుకు రాశారు. వెంటనే జవాబు వచ్చింది. ప్రశ్న తొలగించుట సాంకేతికముగా అసాధ్యము. గదులు అంతర్జాతీయ నమూనా ప్రకారము నిర్మింపబడినవి. ఒక ఇటుక తీసినచో గది కూలును. అయితే ప్రజల మనోభావములను సంస్థ శిరసా వహించును గనుక, శకునమును శకునముతోనే విరుగుడు చేయుటకు ప్రతికూల శకున ఉపశమన విభాగమును ఇందుమూలముగా ఏర్పాటు చేయడమైనది.

విభాగం వచ్చింది. దానికో జీపు వచ్చింది, బోర్డు వచ్చింది. పడవ కదిలే వేళకు నిండుబిందెతో ముత్తైదువ ఎదురొస్తే ప్రశ్న దోషం పోతుందని నిపుణుల సంఘం తేల్చింది. పడవకొకరు చొప్పున ముత్తైదువల్ని నియమించారు. ఇత్తడి బిందెలకు టెండర్లు పిలిచి, ప్లాస్టిక్ బిందెలు కొన్నారు. దారికి అడ్డొచ్చే పిల్లుల్ని పొద్దెక్కేదాకా గంపల కింద మూసిపెట్టాలని కూడా ఆదేశించారు. ఆ పని ఒప్పుకున్నవాడి చేతుల నిండా గీతలు పడ్డాయి.

మొదటి రోజు తెల్లవారింది. మొగవాళ్లు పడవల దగ్గర కాచుకుని కూర్చున్నారు. ఒక్క బిందె కూడా రాలేదు. సంగతేమిటని నూకరత్నం వాడలోకి పరిగెత్తింది. ముత్తైదువలంతా బిందెలు పక్కన పెట్టుకుని ఎవరి గుమ్మంలో వాళ్లు కూర్చుని ఉన్నారు.

"ఏటే, రాలేదేటి?" అంది నూకరత్నం.

"ఎలాగొస్తాం? హాజరుకని ఫోనెట్టుకోమన్నారు కదా" అంది కొర్లయ్య పెళ్లాం. "గుమ్మం దాటితే సాలు, ఎక్కడికని అడుగుతున్నావు. కూకుని నీళ్లు తాగుతున్నాం. బిందెలో నీళ్లూ అయిపోనాయి."

నూకరత్నానికి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండూ ఆపుకుని ఇంటికెళ్లింది. పొయ్యి మీద గంజి ఉడుకుతోంది. ఎర్రన్న వల ముందేసుకుని, ఎక్కడా చిరగని చోట కుడుతున్నాడు. చేతులకు పని ఉండాలి కదా. అమ్ముకోవడానికి ఇక ఎండుచేప కూడా మిగల్లేదు. ఎర్రన్న పడవ నీళ్లు దాటకపోతే ఈ ఇల్లు ఆమె జీతం మీద బతకాలి. ఆ జీతం పడవను దాటనివ్వని గొంతుకిచ్చేది. ఈ ముడి ఎటు లాగినా బిగుసుకుంటోంది. దాలమ్మ గంజి తాగింది, గిన్నె కడిగి బోర్లించింది, కోడలి మొహం మాత్రం చూడలేదు.

జీవసూచికలో తీరమంతటికీ పోలమ్మరేవు మొదటి స్థానంలో నిలిచింది. ఉత్తమ వాచాల పట్టణ పురస్కారం ఇవ్వడానికి చిదానందం గారే స్వయంగా వస్తున్నారని కబురు. ముందు రోజు సాయంత్రమే వచ్చి అతిథిగృహంలో దిగారు. ఊరి హద్దులో ఒక రాత్రి నిద్రచేసిన ప్రతి ఫోనూ ఆ ఊరి గదిలో తనంతట తానే చేరిపోతుంది. ఆ ఏర్పాటు ఆయన చేసిందే. గౌరవంగా ఉంటుందని కూర్మారావు గారు నూకరత్నం చేత డైరెక్టరు గారి పేరు కూడా పలికించి గదిలో ఎక్కించారు.

సభ పొద్దున్నే, అతిథిగృహం ఆవరణలోనే పెట్టారు. ఎందుకంటే సభ కాగానే డైరెక్టరు గారు విమానం అందుకోవాలి. మెక్సికోకు రెండో అధ్యయన యాత్ర. వెనకటి గదుల్లో ఇంకా ఎవరైనా ఉన్నారేమో చూసి వస్తారట.

"పూర్వము ఈ పట్టణము ఎట్లుండెను?" అని ఉపన్యాసం మొదలుపెట్టారు. "మౌనముగా ఉండెను. నేడు రోజుకు ఎన్ని వేల మాటలు! ఒక పౌరుడు 'నీ నోట్లో సముద్రము పోస్తాను' అన్నాడు. ఎంతటి కవితాత్మక ఆకాంక్ష! మూఢనమ్మకములను దాటి ముందుకు పోవుచున్న మత్స్యకార సోదరులకు నా వందనములు."

మత్స్యకార సోదరులు ఎటూ పోకుండా నేల మీద కూర్చుని విన్నారు. కొర్లయ్యకు శాలువా కప్పారు. ఎండకు చెమట పట్టి, శాలువాతోనే తుడుచుకున్నాడు.

దండలు మెడలోంచి తీసేసి, చిదానందం గారు వేదిక దిగి, ఆవరణ గేటు దాటి కారు వైపు నడిచారు. డ్రైవరు తలుపు తీశాడు. అప్పుడు ఆయన కోటు జేబులోంచి వినిపించింది.

"నమస్కారం చిదానందం గారూ! ఎక్కడికి బయలుదేరారు?"

డైరెక్టరు గారి కాలు గాల్లో ఆగింది. జనం మొత్తం చూస్తోంది. ఆయన చిన్నగా నవ్వి, "కళ్లజోడు మరిచితిని" అని వెనక్కి తిరిగారు. కళ్లజోడు ముక్కు మీదే ఉంది. వేదిక మీద కూర్చుని మంచినీళ్లు అడిగారు. తాగారు. లేచి మళ్లీ కారు దాకా వెళ్లారు. మళ్లీ అదే గొంతు, అదే ఆప్యాయత. ఈసారి కళ్లజోడు మాట ఎత్తలేదు. తిన్నగా వచ్చి కుర్చీలో కూలబడ్డారు. విమానం వేళ దగ్గరపడుతోంది. పైన ఆకాశం, కింద సముద్రం, మధ్యలో తను ఎగరాల్సిన దూరం ఆయనకు కళ్ల ముందు కనిపించింది కాబోలు.

"నీళ్లు తాగండి బావూ" అన్నాడు కొర్లయ్య, నిజంగానే జాలిపడి. "మాకూ ఇలాగే ఉంటాది."

డైరెక్టరు గారు గ్లాసు చేతిలో పట్టుకునే రాజధానికి ఫోన్ చేశారు. గొంతు తగ్గించి చేశారు గానీ, పోలమ్మరేవు చెవులు హోరులో వినడానికి అలవాటు పడ్డవి. "తక్షణమే... అవును, అసాధ్యమే, అయినను చేయుము... గదిలో గౌరవ హోదా గలవారిని ప్రశ్నింపరాదు. పెద్దల ప్రయాణములు ప్రజా సంభాషణ పరిధిలోనికి రావు."

గ్లాసులో నీళ్లు అయిపోయేలోపు ఉత్తర్వు వచ్చేసింది. చిదానందం గారు లేచారు. కారు దాకా నడిచారు. జేబు పలకలేదు. కారు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

జనం చెదిరిపోయారు. నూకరత్నం ఆఫీసుకు వెళ్లి ఆ ఉత్తర్వు మొదటి నుంచి చివరి దాకా చదివింది. గౌరవ హోదా ఎవరికివ్వాలో గది నిర్వాహకులు నిర్ణయించవచ్చునని చివర రాసి ఉంది. ఎంతమందికి మించి ఇవ్వకూడదో రాయలేదు. ఊళ్లో పెద్దలు నలుగురైదుగురికి మించి ఉండరని వాళ్ల ధీమా.

ఆమె వేళ్లు మీటల మీద ఆగాయి. పడవలు సముద్రంలోకి పోతే గదిలో తిట్టేవాళ్లుండరు. తిట్లు లేకపోతే ఈ గదిలో ఇంకో మాట ఏముంది? సూచిక పడిపోతుంది, ఆ వెనకే తన కుర్చీ. నెలనెలా వచ్చే ఆ జీతం అంటే ఆమెకు ఇష్టం. ఫ్యాను కింద కూర్చోవడం ఇష్టం. తలుపు మీద తన పేరున్న ఆ చిన్న రేకు అంటే మరీ ఇష్టం. కొంతసేపు ఆ రేకునే చూస్తూ కూర్చుంది.

తర్వాత టైపు చేసింది. కొర్లయ్య గారు, గౌరవ ప్రధాన సలహాదారు. దానయ్య గారు, గౌరవ సంయుక్త సంచాలకులు. ఊళ్లో వల పట్టిన ప్రతివాడికీ ఏదో ఒక పదవి ఇచ్చింది. పదవుల పేర్లు అయిపోతే కొత్తవి పుట్టించింది. చేపల గంపలు మోసే ఆడవాళ్లను గౌరవ పర్యవేక్షకురాళ్లను చేసింది. ఎర్రన్న దగ్గరకు వచ్చేసరికి ఆగి, మెల్లగా పైకే చదువుతూ కొట్టింది. "సూరాడ ఎర్రన్న గారు, గౌరవ ఉప సంచాలకులు." ఈసారి సిగ్గేయలేదు.

మర్నాడు తెల్లారి ఒడ్డున ఎవరూ పసుపు రాయలేదు, కాయ కొట్టలేదు. ఆశ పెట్టుకోవడానికి కూడా అందరికీ భయంగా ఉంది. దాలమ్మ దూరంగా ఇసుకలో కూర్చుంది. ఎర్రన్న సద్దిమూట అందుకున్నాడు.

"వొస్తాను."

పడవ జారింది. ఒడ్డు దాటింది. ఎర్రన్న జేబు మీద చెయ్యి పెట్టి కాచుకున్నాడు. ఫోను కిక్కురుమనలేదు. పక్క పడవలో ప్రధాన సలహాదారు కొర్లయ్య గుండెల మీంచి చెయ్యి తీశాడు. ఒక్కో పడవా అలల మీదికెక్కి, అవతలికి దిగింది. ప్రభుత్వ హోదా గల అంతమంది అధికారులు ఒకేసారి పనిలోకి దిగడం ఆ జిల్లాలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

సాయంత్రం తిరిగొచ్చినప్పుడు పడవలు నీళ్లలోకి కుంగి ఉన్నాయి. రేవులో వేలం మొదలైంది. రెండు నెలల నిషేధమూ ఆపైన ప్రశ్నల కాలమూ కలిపి నోట్లో దాచుకున్న గొంతులన్నీ ఒక్కసారి లేచాయి.

గదిలోకి ఎవరూ వెళ్లలేదు. మర్నాడూ వెళ్లలేదు. తిట్టుకోవడానికి తీరికెక్కడిది?

"ఊరు చచ్చిపోయిందమ్మా" అన్నారు కూర్మారావు గారు, కంప్యూటరు వంక చూసి. కిటికీలోంచి వేలం కేకలు వినిపిస్తుంటే లేచి కిటికీ మూశారు. "నిన్నమొన్నటి దాకా ఎంత కళకళలాడేదో."

సున్నా సూచికను స్వయంగా చూసి నిర్ధారించడానికి సంస్థ పంపిన పరిశీలకుడు వచ్చాడు. పేరు జోగారావు. సన్నగా, అలసిపోయి ఉన్నాడు. భుజాన సంచీ, చేతిలో ఫోను. నూకరత్నం అతన్ని రేవుకు తీసుకెళ్లింది. అప్పుడు వేలం మంచి ఊపు మీద ఉంది. దాలమ్మ వంజరం చేపల గంప ముందు నిలబడి, ధర తగ్గించమన్నవాడి ఏడు తరాలనూ కడుగుతోంది.

"ఇక్కడ మాట్లాడేవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగాడు జోగారావు.

"ఏమిటండీ?" అంది నూకరత్నం. హోరులో వినపడలేదు.

"ఇక్కడ! మాట్లాడేవాళ్లు! ఉన్నారా?" అని గొంతు చించుకుని అరిచాడు.

ఆమె చుట్టూ చెయ్యి తిప్పి చూపించింది. అతను ఫోను వంక చూశాడు. గది ఖాళీగా ఉంది. చెవులు మూసుకుని, ఇసుకలో బోర్లించిన పడవ మీద కూర్చుని టైపు చేశాడు. పంపేముందు మర్యాద కొద్దీ ఆమెకు చూపించాడు. "పట్టణమును ప్రత్యక్షముగా సందర్శించితిని. సంభాషణ లేదు. జీవమున్న మనిషి కానరాలేదు. గది మూసివేయవచ్చును. నిర్వాహకురాలి నియామకము రద్దు."

ఇలా జరుగుతుందని నూకరత్నానికి ముందే తెలుసు. అయినా ఆ మాటలు చదివేసరికి కడుపులోంచి మంట లేచింది. పదిమంది ముందు, తన అత్త ముందు, తన ఊరు ఇంత గోల చేస్తున్నప్పుడు, ఎవరూ లేరని రాశాడు.

"ఆ గొంతు మీదేనా?" అని అడిగాడు జోగారావు లేస్తూ. "మా ఊరి గదిలోనూ అదే పెట్టారు. నాకు హోదా లేదు. ఈ రోజు ఇక్కడికి రావడానికి ఇంటి దగ్గర మూడుసార్లు నీళ్లు తాగాను. ఫోను పక్కింట్లో పెట్టి, గోడ దూకి బయటపడి, మళ్లీ తీసుకుని వచ్చాను. ఇంట్లో చిన్నదానికి జ్వరంగా ఉంది. ఆఖరి బస్సు అందితే చాలు." సంచీ భుజాన వేసుకుని కదిలాడు.

నూకరత్నానికి ఆ జ్వరం మాట చెవికెక్కలేదు. ఆమెకు మంట ఒక్కటే ఉంది. తీరమంతా మెచ్చిన ఆ గొంతు సవరించుకుని, అదే ఆప్యాయతతో, అదే వణుకుతో మొదలుపెట్టింది.

"నమస్కారం జోగారావు గారూ! ఎక్కడి..."

చేపల వాసన వేసే అరచెయ్యి ఒకటి వచ్చి ఆమె నోటి మీద గట్టిగా పడింది. దాలమ్మ గంప వదిలేసి వచ్చింది.

"నోరుముయ్యే, సచ్చినదానా!" అంది దాలమ్మ. ఆమె కోడలితో మాట్లాడి ఎంత కాలమైందో. "ఆడికీ ఇల్లుంటాది. గుంటకి జొరమంటన్నాడు, ఇనపడటం నేదేటి నీకు? చెవుల్లోనీ ఆఫీసే ఎట్టీనారేటి?"

నూకరత్నం ఆ చెయ్యి కిందనే ఏడ్చేసింది. ఆ తిట్టు కోసం ఎంతగా ఎదురుచూసిందో ఆమెకే అప్పుడు తెలిసింది. దాలమ్మ చెయ్యి తీయకుండానే మరో చేత్తో రెండు వంజరాలు ఆకులో చుట్టి జోగారావు సంచిలో కుక్కింది. అతను ఏదో అనబోయాడు. దాలమ్మ వద్దని తల అడ్డంగా ఊపింది. పొమ్మని కూడా అనలేదు.

జోగారావు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. ఆ ఊళ్లో జీవమున్న మనుషులు లేరని రాసిన ఫోను జేబులో పెట్టుకుని, రెండు చేతులూ జోడించాడు.

"వస్తానమ్మా" అన్నాడు.

అత్తాకోడళ్లిద్దరూ తలూపారు.